పుర్రచేతి హీరో

పెట్టెను ఇద్దరు మోసుకొచ్చి నా గది ముందు దించారు. ఒకరు ఆటో డ్రైవరు, రెండోవారు కింద వాటాలో ఉండే మా ఇంటి ఓనరు. దించీ దించగానే మెట్ల మీదంతా ఎండు నెత్తళ్ళ వాసన పరుచుకుంది.

"గోడౌన్ సర్దుతుంటే కనబడింది. నీ సామానేగా, నీకే ఇచ్చేద్దామని" అన్నాడు ఓనరు. వాళ్ళమ్మగారి పెద్దకర్మ అయి కొద్ది రోజులే అయింది. గుండు మీద టోపీ ఉంది.

పెట్టెలో ఏమున్నాయో తెరవకుండానే చెప్పగలను. వెనక గోడకి ఒక పెద్ద ఎల్‌ఈడీ దీపం. దాన్ని చల్లబరచడానికి పాత కంప్యూటర్‌లోంచి పీకిన ఫ్యాను. గుండ్రటి గీతలుండే రెండు ప్లాస్టిక్ పలకలు, అవి భూతద్దాల పని చేస్తాయి. ఆ పలకల మధ్య, వెనక భాగమంతా ఊడదీసిన పదిహేనంగుళాల మానిటర్ తాలూకు గాజు తెర. అన్నిటికంటే ముందు, ఏదో కాలేజీ తుక్కులో దొరికిన లెన్సు. వాసన మాత్రం నేను పెట్టింది కాదు.

ఓనరు వాళ్ళమ్మగారి గురించి రాద్దామని కూర్చుంటే ముందు సామాను జాబితా వచ్చింది. నాకు చేతనైన పద్ధతి ఇదే. కానీ ఆవిడ విషయంలో ఈ పద్ధతి ఎప్పుడూ సరిగ్గా పనిచేయలేదు.

ఆవిడను నేను మామ్మగారనేవాణ్ణి. మార్కెట్లో అందరూ పెద్దమ్మ అనేవారు. ఆవిడ నన్ను శ్రీను అనేది. నా పేరు శ్రీను కాదు. శ్రీను నాకు ముందు ఆ గదిలో అద్దెకున్న కుర్రాడు. మొదట్లో సరిదిద్దేవాణ్ణి. "అవునవును" అనేది, మర్నాడు మళ్ళీ శ్రీనూ అనే పిలిచేది. కొన్నాళ్ళకి పలకడం మొదలుపెట్టాను.

మార్కెట్లో వాళ్ళది ఎండుచేపల కొట్టు. వెనకే గోడౌను. తాళాల గుత్తి ఎప్పుడూ ఆవిడ బొడ్లో ఉండేది. ఏ సరుకొచ్చినా గోతాంలోంచి ఒక నెత్తలి చేపని తీసి చెవి దగ్గర పెట్టుకుని విరిచేది. ఆ చప్పుణ్ణి బట్టి ఎండిందో లేదో చెప్పేది. నా గదికి వచ్చినప్పుడు బల్ల మీదున్న వస్తువులతో కూడా అదే వరస. స్క్రూడ్రైవరు, వైరు ముక్క, ప్లాస్టిక్ పలక, ఏది దొరికితే అది చెవి దగ్గరికి తీసుకెళ్ళి గోటితో కొట్టేది. ఏం వినబడిందో చెప్పేది కాదు. తల ఊపి పక్కన పెట్టేసేది.

ఆవిడది పుర్రచేతి వాటం. తూకం వేసేది ఎడం చేత్తో, పొట్లం అందించేదీ ఎడం చేత్తోనే. పొద్దున్నే బోణీ బేరం ఎడం చేతి మీదుగా అయితే రోజంతా అచ్చిరాదని మార్కెట్లో పట్టింపు. కొత్తగా వచ్చినవాళ్ళు "ఆ చేత్తో ఇవ్వకు పెద్దమ్మా" అనేవారట. వాళ్ళకి ఆవిడ ఒక సినిమా గురించి చెప్పేది. ఆవిడ చిన్నప్పుడు, చల్లపల్లి దాటి బాగా కిందికి, సముద్రపు ఒడ్డున వాళ్ళ ఊళ్ళో తిరునాళ్ళకి ఏటా అదే కత్తియుద్ధాల సినిమా తెచ్చి గుడ్డ మీద వేసేవారట. అందులో రాజకుమారుడు మెట్ల మీద నిలబడి పదిమందితో యుద్ధం చేస్తాడు. ఎడం చేత్తో. వాతలు పెట్టయినా ఈ అలవాటు మాన్పించాలని చూసిన వాళ్ళమ్మతో ఈవిడ అందట: "అంత పెద్ద హీరోనే పుర్రచేత్తో కత్తి తిప్పుతుంటే, నేను తెడ్డు పట్టుకుంటే తప్పొచ్చిందా?" ఆ తర్వాత ఎవరూ మాన్పించలేకపోయారు. బేరానికొచ్చిన ప్రతి కొత్త మనిషికీ ఆవిడ ఈ కథ చెప్పేది. విన్నవాళ్ళు నవ్వి, ఎడం చేతి పొట్లాన్నే పుచ్చుకునేవారు.

గొడవ ఎలా మొదలైందంటే, ఆవిడ కొడుక్కి ఆ సినిమా నెట్‌లో దొరికింది. ఫోన్లో పెట్టి తల్లికి చూపించాడు. సరదాగానే చూపించాడు. మెట్ల మీద యుద్ధం వచ్చింది. కత్తి కుడిచేతిలో ఉంది.

అప్పటికే ఆయన మనసులో ఒక లెక్క నడుస్తోంది. తల్లికి మతి జారుతోందని ఆయన అనుమానం. నాకు ఒకటి రెండుసార్లు వరసపెట్టి చెప్పాడు. ఒకరి సరుకు ఇంకొకరికి కట్టి పంపింది. చల్లపల్లి నుంచి వస్తూ విజయవాడ దాకా రాకుండా ఉయ్యూరులో దిగిపోయి, బస్టాండులో కూర్చుని ఉంది. ఎందుకు దిగావంటే చెరుకు గానుగ వాసన వచ్చింది, దిగాలనిపించిందని చెప్పింది. అద్దెకున్నవాడి పేరు తెలీదు. ఇప్పుడు ఈ సినిమా. "లేనిది ఉన్నట్టు చెబుతోందయ్యా. రేపు కొట్లో ఇంకేదో చెబుతుంది. తాళాలు నాకిచ్చేసి ఇంట్లో కూర్చోమంటే వినదు" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఉయ్యూరు బస్టాండులో తల్లిని వెతుక్కున్న రోజు ఆయన మొహం నేను చూశాను.

ఆవిడ మాత్రం ఫోను తప్పు చూపిస్తోందంది.

సాయంత్రాలు ఆవిడ మేడమీదికి వచ్చి ఊళ్ళో ఉన్న చెల్లెలితో మాట్లాడేది. ఫోన్ని చెయ్యంత దూరంలో పట్టుకుని, స్పీకరు పెట్టి. ఆ రోజు ముందు అడిగింది ఆ సంగతే. అవతలి నుంచి జవాబు వెంటనే వచ్చింది: "పుర్రచెయ్యేగా అక్కా. మర్చిపోతామా ఏంటి?" ఆవిడ నావైపు చూసింది. నేను కిందికెళ్ళి ఓనరుకి చెప్పాను. "ఇద్దరికీ ఒకటే జబ్బు" అన్నాడాయన.

ఆ వారంలోనే వాళ్ళ ఊరి పెద్దాయన ఒకాయన కొట్టుకి వచ్చాడు. ఆయన్నీ అడిగారు. కుడిచెయ్యి, అనుమానమే లేదన్నాడు. తర్వాత ఆవిడ మేనత్త కూతురొకావిడ ఎడమ అంది. పక్కనే ఉన్న ఆమె మొగుడు కుడి అన్నాడు. మొగుడూ పెళ్ళాలు దాని మీద కొట్టు ముందే కాసేపు వాదులాడుకున్నారు. ఒకే ఊరు, ఒకే సినిమా, ఒకే తిరునాళ్ళు. ఎడమ అన్నవాళ్ళెవరు, కుడి అన్నవాళ్ళెవరు అని నేను వరసలు కట్టి చూశాను. వరసలు తేడాగానే వచ్చాయి. ఎందుకు తేడాగా వచ్చాయో మాత్రం తట్టలేదు.

నేను గవర్నర్‌పేటలో మానిటర్లు, సీసీ కెమెరాలు బాగుచేసే చోట పనిచేస్తాను. ఆ రోజుల్లోనే వెనక దీపాలు పోయిన మానిటరొకటి గదికి తెచ్చుకుని ఊడదీస్తున్నాను. వెనక రేకు, దీపాలు, కాంతిని పరిచే తెల్ల షీట్లు అన్నీ తీసేస్తే చివరికి కరెంటు పట్టీతో సన్నటి గాజు పలక మిగులుతుంది. దాన్ని కిటికీకి ఆనించి నిలబెడితే బయటి వెలుతురులో బొమ్మ కనిపిస్తుంది. వార్తలు పెట్టి చూస్తున్నాను. మామ్మగారు వచ్చి, నా పక్కన నిలబడకుండా వసారాలోకి వెళ్ళి, కిటికీ అవతల కుర్చీ వేసుకుంది.

"ఇటు రండి మామ్మగారూ, అది వెనకవైపు" అన్నాను.

"ఇటూ కనబడుతోందిగా" అంది. నేను గదిలో దీపం వేశాక, అక్కణ్ణుంచే చాలాసేపు చూసింది. అక్షరాలు వెనక్కి పరిగెడుతున్నా ఆవిడకి పట్టలేదు. ఆవిడకి చదువు రాదు.

దీంతో ఏం చేస్తావని అడిగింది. దీని వెనక పెద్ద దీపం, ముందు లెన్సు పెడితే బొమ్మ గుడ్డ మీద సినిమా అంత పడుతుందని చెప్పాను. ప్రొజెక్టరు కొనుక్కోవచ్చు కదా అని మా షాపులో అందరూ అన్నారు. ఆవిడ అనలేదు. కిందికి దిగి కొడుకుతో ఏదో మాట్లాడింది. కాసేపటికి ఇద్దరూ పైకి వచ్చారు.

"గుడ్డ మీద చూపించమను. ఫోన్లో కాదు, మేం చూసినట్టు గుడ్డ మీద" అంది ఆవిడ, నన్ను చూపిస్తూ కొడుకుతో. "అప్పుడూ కుడిచెయ్యే అయితే ఈ తాళాలు నీ చేతిలో పెట్టి ఇంట్లో కూర్చుంటా. మళ్ళీ అడగను."

బొమ్మ పెద్దదైనంత మాత్రాన చెయ్యి మారదు. ఆ సంగతి ఆవిడకి చెప్పాను. "నువ్వు చెయ్యి శ్రీనూ" అంది. తర్వాత ఓనరుకీ విడిగా చెప్పాను. "తెలుసు. అందుకే చెయ్యమంటున్నా. నేను లాక్కోవడం కంటే ఆవిడే ఇవ్వడం నయం కదా" అన్నాడు. అలా ఇద్దరూ నన్ను ఒకే పని చెయ్యమన్నారు. ఎవరి తరఫున చేస్తున్నానో నాకు అర్థం కాలేదు. ఆవిడ ఓడిపోతుందని తెలిసీ ఆవిడ కోసం తయారుచేస్తున్నానా? లేక ఆయనకి పనిముట్టు చేసిస్తున్నానా? నాకు ఆ పెట్టె చెయ్యాలని మాత్రం చాలా ఉంది. అందుకే ఎక్కువ ఆలోచించలేదు.

పని సజావుగా సాగలేదు. మొదట దీపం వేడికి తెర మధ్యలో నల్లటి మచ్చ వచ్చింది. ఫ్యాను పెట్టి చల్లబరిస్తే పోయింది. తర్వాత పలకల దూరం కుదరక మూలలన్నీ మసకగా వచ్చాయి. అంతా కుదిరాక, రాజకుమారుడు కప్పు నుంచి గబ్బిలంలా వేలాడుతూ యుద్ధం చేశాడు. లెన్సు బొమ్మని తలకిందులు చేస్తుంది కాబట్టి గాజు తెరని తలకిందులుగా బిగించాలి. ఆ మాట తెలిసీ మర్చిపోయాను.

దాన్ని విప్పి మళ్ళీ బిగిస్తున్నప్పుడు ఇంకో సంగతి గుర్తొచ్చింది. గాజు తెరని ముందూ వెనకా తారుమారు చేసి పెడితే కుడి ఎడమలు మారిపోతాయి. అలా పెడితే ఆవిడ చెప్పిన ఎడమచెయ్యి వస్తుంది. కొడుక్కి చదువొచ్చు కాబట్టి టైటిళ్ళు తిరగబడి రాగానే పట్టేస్తాడు. టైటిళ్ళు దాటేసి మొదలుపెడితే పట్టలేకపోవచ్చు. తెరని చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాను. చివరికి సరైన వైపే బిగించాను. సరైనది అని అప్పుడు అనుకున్నాను.

గోడౌన్లో మధ్యాహ్నం కూడా చీకటిగానే ఉంటుంది. నాలుగు గోడలకీ గోతాలు పేర్చి ఉండడంతో బొమ్మ వెయ్యడానికి ఖాళీ గోడ లేదు. అందుకని మధ్యలో తాడు కట్టి ఓనరుగారి తెల్ల పంచె వేలాడదీశాం. పంచెకి ఇటు కొట్టులోకి వెళ్ళే తలుపు, మా పెట్టె, రెండు కుర్చీలు. అటు మిగతా గోతాలు, సందులోకి తెరుచుకునే వెనక తలుపు. దీపం వెలగగానే వేడికి ఎండు రొయ్యల వాసన గుప్పుమంది. పంచె మీద వెలుగు నిలబడింది. ఓనరు టైటిళ్ళు పైకి చదివాడు. తల్లికి వినిపించడానికో, నన్ను పరీక్షించడానికో తెలీదు.

మెట్ల మీద యుద్ధం వచ్చింది. రాజకుమారుడి కత్తి కుడిచేతిలో ఉంది. బొమ్మ మనిషంత ఎత్తున ఉంది, పొరపాటు పడే అవకాశమే లేదు.

"ఇది ఆ సినిమాయేనా?" అంది.

"అదేనమ్మా" అన్నాడు కొడుకు. మెల్లగానే అన్నాడు.

ఆవిడ తన ఎడం చెయ్యి వైపు చూసుకుంది. బొడ్లోంచి తాళాలు తీసి, కొడుక్కివ్వకుండా నా పెట్టె మీద పెట్టింది. లేచింది. కొట్టులోంచి వెళ్తే అందరూ చూస్తారనుకుందేమో, పంచె అంచు ఎత్తి అవతలికి, వెనక తలుపు వైపు వెళ్ళింది. నేను సినిమా ఆపబోయాను. ఓనరు వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. గెలిచినవాడిలా లేడు. కుర్చీలో ముందుకి వంగి నేలకేసి చూస్తున్నాడు.

వెనక తలుపు గడియ చప్పుడు రావాలి. రాలేదు.

"శ్రీనూ" అని వినబడింది. "ఒకసారి ఇట్రా."

వెళ్ళాను. ఆవిడ గోతాల మధ్య నిలబడి పంచె వైపు చూస్తోంది. పల్చటి పంచె కాబట్టి బొమ్మ ఇటు కూడా అంతే స్పష్టంగా పడుతోంది. రాజకుమారుడు మెట్ల మీద ఉన్నాడు. కత్తి ఎడం చేతిలో ఉంది.

కొడుకుని నేనే పిలిచాను. ఆయన వచ్చి చూశాడు. పంచె అంచు ఎత్తి అటు చూశాడు, మళ్ళీ ఇటు చూశాడు.

"ఇటు కూర్చునేవాళ్ళమని ముందే చెప్పొచ్చుగా అమ్మా" అన్నాడు.

"ఎవరడిగారు?" అంది ఆవిడ. "అటు మగాళ్ళు కూర్చుంటే ఆడోళ్ళం ఇంకెక్కడ కూర్చుంటాం?"

ఆ ఊళ్ళో పద్ధతి అది. గుడ్డకి ముందు మగవాళ్ళు, వెనక ఆడవాళ్ళు. ఎప్పుడూ అలాగే కాబట్టి ఎవరికీ అది ప్రత్యేకంగా చెప్పాల్సిన సంగతిగా అనిపించలేదు. చెల్లెలూ మేనత్త కూతురూ ఎడమ అనడం, పెద్దాయనా ఆ మొగుడూ కుడి అనడం, అన్నీ నా ముందే ఉన్నాయి. నా కిటికీ అవతల కుర్చీ వేసుకుని కూర్చున్న మనిషీ ఉంది. గాజు తెరని చేతిలో పట్టుకుని కుడి ఎడమలు తిప్పినవాణ్ణి కూడా నేనే.

ఆవిడ ఒక గోతాం మీద కూర్చుంది. మేమిద్దరం చెరో పక్కన నిలబడ్డాం. సినిమా చివరిదాకా అటు నుంచే చూశాం. "మరి అతను నిజానికి కుడిచేతివాడే కదా మామ్మగారూ" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది, కానీ నాకు లెక్క తేలాలి. ఆవిడ సినిమా మీంచి చూపు తిప్పకుండా "మా వైపు కాదు" అంది.

అయిపోయాక కొడుకు దీపం ఆర్పమన్నాడు. పెట్టె మీది తాళాలు వేడెక్కి ఉన్నాయి. వాటిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ నిలబడ్డాడు.

"చెయ్యి సంగతి సరే. ఉయ్యూరు సంగతేంటి మరి?" అన్నాడు.

"ఉయ్యూర్లో కూడా ఏదో ఉండే ఉంటుంది. నువ్వెళ్ళి చూశావా?" అంది ఆవిడ, ఎడం చెయ్యి చాపి.

ఆయన ఇచ్చాడు. ఆవిడ తాళాలు చల్లారేదాకా ఊది బొడ్లో దోపుకుంది.

ఆ తర్వాత ఆవిడ కొట్లోనే కూర్చుంది, చివరిదాకా. చివరి సంవత్సరంలో నేను చూసినవి ఇవి. నెత్తళ్ళు విరిచి చప్పుడు విని ఎప్పట్లాగే సరుకు ఎండిందో లేదో పట్టేసేది. ఒకసారి ఆ చప్పుడు విన్నాక ఎందుకు విరిచిందో మర్చిపోయి, ముక్కలు చేతిలో పట్టుకుని కూర్చుంది. సరుకు మళ్ళీ ఒకరిది ఒకరికి వెళ్ళింది. ఒకసారి చూస్తే ఆవిడ పంపిందే సరైనది, గోతాల మీది చీటీలే తప్పు రాశారు. ఇంకోసారి ఆవిడదే తప్పు. నన్ను శ్రీను అనడం మానలేదు. కొన్ని నా జాబితాలో ఇటు పడతాయి, కొన్ని అటు, మిగిలినవి ఎటూ పడవు. ఒక్క సినిమా విషయంలో ఆవిడ సరిగ్గా చూసిందని తేలితే మిగతావన్నీ సరైపోవు. కానీ ఆ రోజు తర్వాత ఆవిడ ఏది తప్పు చెప్పినా ఓనరూ నేనూ వెంటనే తప్పు అనలేకపోయాం. కాసేపు ఆగేవాళ్ళం. అది ఆవిడకి మేలు చేసిందో, డాక్టరుకి చూపించాల్సిన టైములో చూపించకుండా కీడు చేసిందో తెలీదు.

ఆ పెట్టెను గోడౌన్లోనే ఉంచమంది. మళ్ళీ ఎప్పుడూ వెలిగించమనలేదు.

ఇవాళ పెట్టె దించాక ఆటో డ్రైవరు వెళ్ళిపోయాడు. ఓనరు వెళ్ళలేదు. టోపీ తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని పెట్టె మీదే కూర్చున్నాడు. పెట్టె మూత కిర్రుమంది. మంచినీళ్ళు ఇచ్చాను, తాగాడు.

"చివరి వారం నన్ను మా నాన్న పేరుతో పిలిచింది" అన్నాడు. "వచ్చి కూర్చోమనేది. వలలు ఆరాయా అని అడిగేది. మా నాన్న పోయి ఎన్నేళ్ళయిందో నీకు తెలుసుగా. నేను, ఆగుదాం, అటు వైపు ఏదో ఉందేమో అనుకుంటూ కూర్చున్నా. ఆరాయి అన్నా." గ్లాసు నేల మీద పెట్టాడు. "దానికి అవతల ఏముందంటావు?"

నాకు తెలీదన్నాను.

"నువ్వు ఇంజనీరువి కదా."

"తెలీదు బాబాయ్."

ఆయన తల ఊపి లేచాడు. మూత వైపు వంగి, ఎందుకో గోటితో రెండుసార్లు కొట్టి విన్నాడు. మెట్లు దిగుతూ మలుపు దగ్గర ఆగి పైకి చూశాడు.

"వస్తా మరి శ్రీనూ" అన్నాడు.

కాసేపు ఆగాను. "సరే బాబాయ్" అన్నాను.